బాన్ వాయేజ్ (2003): దేశం కూలిపోతున్న వారం మీద హాస్య సినిమా తీయొచ్చా?

రీలుపెట్టె (రాజమండ్రి) | ఆదివారం, ఉదయం 9:40

నిన్న రాత్రి ‘బాన్ వాయేజ్’ మూడోసారి చూశాను. జాఁ పోల్ రాప్పెనో తీసిన ఫ్రెంచి సినిమా. ఇక్కడ దీని మీద ఒక్క చర్చ కూడా కనబడలేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

చూడనివాళ్ల కోసం మొదటి భాగం కథ మాత్రం చెబుతాను. వివియాన్ అనే సినిమా తార ఇంట్లో ఒకడు చచ్చి పడి ఉంటాడు. బయట కుండపోత వాన. ఆమె చిన్ననాటి స్నేహితుడు ఫ్రెడెరిక్‌ని పిలుస్తుంది. అతను రచయిత కావాలని కలలు కంటున్న కుర్రాడు. ఆమె కన్నీళ్లు చూసి ఇంకేమీ ఆలోచించకుండా శవాన్ని కారు డిక్కీలో వేసుకుని బయల్దేరతాడు. దారిలో ప్రమాదం జరుగుతుంది, డిక్కీ తెరుచుకుంటుంది. ఆమె పేరు మాత్రం చెప్పడు, జైలుకెళతాడు. 1940 జూన్‌లో జర్మన్లు పారిస్ గుమ్మం దాకా వచ్చేసరికి ఖైదీల్ని తరలిస్తారు. ఆ గందరగోళంలో రావుల్ అనే మరో ఖైదీతో కలిసి తప్పించుకుని, బోర్డో వెళ్లే రైలెక్కుతాడు. ఆ రైల్లో కామీ అనే అమ్మాయి ఉంటుంది. ఆమె ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌కి సహాయకురాలు. ఆయన దగ్గరున్న భారజలం జర్మన్ల చేతిలో పడకుండా ఇంగ్లండు చేరాలి.

బోర్డోలో స్ప్లాండీడ్ అనే హోటల్. మంత్రులు, వాళ్ల ప్రియురాళ్లు, వ్యాపారులు, విలేకరులు, గూఢచారులు అందరూ అక్కడే. దేశం చేజారిపోతోంది. వాళ్ల ఆరాటమంతా గది దొరుకుతుందా, భోజనానికి బల్ల దొరుకుతుందా అని. నేను కడుపుబ్బ నవ్వాను. సినిమా అయిపోయాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇన్ని లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి రోడ్డున పడ్డ వారం గదా అది, నేను దేనికి నవ్వాను? మీరంతా ఏమంటారు?

పదోవరస (విజయవాడ) | ఆదివారం, ఉదయం 10:15

చూశాను, బాగుంది. కానీ వివియాన్‌గా వేసిన ఇజబెల్ అజానీ అతి చేసింది. ప్రతి సీన్లో కళ్లింత చేసి నీళ్లు పెట్టుకోవడమే.

రీలుపెట్టె | ఆదివారం, ఉదయం 10:31

పదోవరస గారూ, నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. రెండోసారి చూస్తుంటే అర్థమైంది, ఆమె వేసింది నటన ఆపలేని నటి పాత్ర. వివియాన్ ఏడుపు ఎదుటివాడి చేత పని చేయించుకునే సాధనం. ఆ మాట ఆమెకే తెలియదు, ప్రతిసారీ నిజంగానే ఏడుస్తున్నాననుకుంటుంది. కుర్రాడి దగ్గర ఒకలా, మంత్రి దగ్గర ఒకలా, విలేకరి దగ్గర ఒకలా ఏడుస్తుంది. ఈ తేడా గమనిస్తూ ఇంకోసారి చూడండి. అజానీ అప్పటికి నలభై ఏడు దాటింది. ఆ ముఖంలో పాతికేళ్ల పిల్ల భయం పలికించింది.

లియోన్‌లో_తెలుగు (లియోన్) | ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఇక్కడ ఉంటూ పదకొండేళ్లయింది. నేనెరిగినంతలో, ఫ్రెంచివాళ్లకి ఆ యుద్ధం మీద హాస్య సినిమా అంటే వింత కాదు. 1956లోనే నల్లబజారు పంది మాంసాన్ని పెట్టెల్లో మోసుకుంటూ రాత్రిపూట పారిస్ దాటే కథ తీశారు, గాబాఁ, బూర్విల్ ఇద్దరితో. 1966లో ‘లా గ్రాంద్ వద్రుయ్’ వచ్చింది. లూయీ ద ఫ్యునెస్, బూర్విల్ జంట. ఫ్రాన్సులోనే కోటీ డెబ్భై లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి. ‘టైటానిక్’ వచ్చేదాకా, అంటే ముప్పై ఏళ్లు, ఆ రికార్డు కదల్లేదు. ఇప్పటికీ పండగ సెలవుల్లో టీవీలో వేస్తే మా పక్కింటి పెద్దావిడ మనవళ్లని కూచోబెట్టుకుని చూస్తుంది. మాటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

అయితే ఒక తేడా ఉంది. ఆ సినిమాల్లో మామూలు మనుషులు జర్మన్లని బురిడీ కొట్టిస్తారు, జనం గర్వంగా నవ్వుతారు. రాప్పెనో ఎంచుకున్నది అంతకు ముందరి ఘట్టం. 1940 జూన్ మధ్యలో కొద్దిపాటి రోజులు. అందులో గెలుపు లేదు, ప్రతిఘటన ఇంకా పుట్టలేదు. ఉన్నది పారిపోవడమే. ఫ్రెంచివాళ్లు తలుచుకోవడానికి ఇష్టపడని రోజులవి. ఆ రోజుల మీద నవ్వించడానికి ధైర్యం కావాలి.

అలలఊరు (విశాఖపట్నం) | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నాకు ఈ సినిమా నచ్చలేదు. ఎందుకో చెబుతాను, ఎవరూ ఏమనుకోవద్దు.

ఆ రోజుల్లో ఉత్తర ఫ్రాన్సు నుంచి, పారిస్ నుంచి దక్షిణానికి కదిలింది లక్షల జనం. సైకిళ్లు, తోపుడుబళ్లు, పైన పరుపులు కట్టిన కార్లు. ఆ రోడ్ల మీద జర్మన్ విమానాలు కిందికి దిగి కాల్పులు జరిపాయి. తప్పిపోయిన పిల్లల కోసం తల్లులు ఆ తర్వాత నెలల తరబడి పత్రికల్లో ప్రకటనలు వేయించుకున్నారు. సినిమా వీళ్లని ఎంతసేపు చూపించింది? మంత్రిగారి కారు దాటుకుంటూ వెళ్లేంతసేపు. తర్వాత మళ్లీ షాండిలియర్లు, పట్టు గౌన్లు.

మా అమ్మమ్మ 1942లో రంగూన్ నుంచి నడిచొచ్చిన మనిషి. ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి వచ్చారు. కూడా బయల్దేరిన ఆమె తమ్ముడు రాలేదు. మా ఇంట్లో ‘కాందిశీకులు’ అనే మాట ఎవరూ గట్టిగా అనేవారు కాదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. హోటల్లో గది దొరక్క అలిగే జమీందారిణిని చూసి నవ్వమంటే నాకు నవ్వు రాలేదు.

పదోవరస | ఆదివారం, మధ్యాహ్నం 2:34

అలలఊరు గారూ, మీ అమ్మమ్మగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. సినిమా గురించి మీరన్నది కూడా నిజమే అనిపిస్తోంది.

చాక్‌పీసు (గుంటూరు, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు) | ఆదివారం, సాయంత్రం 5:50

అమ్మాయి చెప్పింది కాదనలేని మాట. దానితోపాటు ఆ వారం బోర్డోలో ఏం జరిగిందో కూడా చూడాలి. అప్పుడుగానీ సినిమా ఎవరిని వెక్కిరిస్తోందో తెలియదు.

జూన్ 10న ప్రభుత్వం పారిస్ వదిలి తూర్ వైపు వెళ్లింది. 14న జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టింది, అదే రోజు ప్రభుత్వం బోర్డో చేరింది. 1870లో, 1914లో, మళ్లీ 1940లో, జర్మన్లు మీదికొచ్చిన మూడుసార్లూ ఫ్రెంచి ప్రభుత్వం తలదాచుకున్నది ఆ ఊళ్లోనే. 16న సాయంత్రం ప్రధాని పాల్ రెయ్నో రాజీనామా చేశాడు. ఎనభై నాలుగేళ్ల మార్షల్ పెతాఁ పగ్గాలు పట్టాడు. 17న మధ్యాహ్నం రేడియోలో యుద్ధం ఆపాలన్నాడు. ఓటమి ఒప్పుకోని జనరల్ ద గోల్ ఆ పొద్దున్నే అదే ఊరి నుంచి బ్రిటిష్ విమానంలో లండన్ వెళ్లిపోయాడు. 18న అక్కడి రేడియోలో, పోరాటం ఆపొద్దని మాట్లాడాడు. ఆ రోజు ఆ ప్రసంగం విన్నవాళ్లు ఫ్రాన్సులో బహు తక్కువ. 22న యుద్ధ విరమణ సంతకాలు. 21న మసీలియా అనే ఓడలో ఇరవై ఏడుగురు పార్లమెంటు సభ్యులు ఉత్తర ఆఫ్రికా నుంచి పోరాడదామని బయల్దేరితే, కొత్త ప్రభుత్వం వాళ్లని పారిపోయినవాళ్లుగా ముద్ర వేసింది.

ఒక్క వారంలో ఒక గణతంత్రం తలకిందులైంది. అది ఎక్కువగా జరిగింది హోటళ్లలో, భోజనాల బల్లల దగ్గర, వరండాల్లో. రెయ్నో సహచరి ఎలెన్ ద పోర్త్ యుద్ధం ఆపెయ్యమని ఆయన మీద ఎంత ఒత్తిడి తెచ్చిందో ఆనాటివాళ్లు రాసుకున్నారు. సినిమాలో మంత్రి బొఫోర్ (డెపార్ద్యూ), ఆయన్ని ఆడించే వివియాన్ కల్పిత పాత్రలే. కానీ ఆ వాతావరణం కల్పితం కాదు. కాబట్టి అమ్మా, సినిమా నవ్వింది రోడ్డు మీది జనాన్ని చూసి కాదు. వాళ్లని రోడ్డు మీద వదిలేసి ముందే హోటల్ చేరిన పెద్దమనుషుల్ని చూసి.

అదే వారం అదే ఊళ్లో మరో మనిషి కూడా ఉన్నాడు. పోర్చుగల్ కాన్సుల్ అరిస్టిడెస్ ద సోజా మెండెస్. తన ప్రభుత్వం వద్దన్నా వినకుండా, రాత్రీ పగలూ కూర్చుని శరణార్థులకి వేలాది వీసాలు రాసిచ్చాడు. ఉద్యోగం పోయింది, 1954లో పేదరికంలో కన్నుమూశాడు. నా మటుకు నాకు ఆయనకి సినిమాలో ఒక్క నిమిషం చోటిచ్చినా సంతోషించేవాణ్ని.

మణుగూరు_బిడ్డ (హైదరాబాద్) | ఆదివారం, రాత్రి 8:12

అందరికీ నమస్తే. గీ చర్చల భారజలం మాట సూసి ఆగలేక రాస్తున్న. మా బాపు మణుగూరు భారజల కర్మాగారంల పనిచేసి రిటైరైండు. మేం అశ్వాపురం కాలనీల పెరిగినం. సిన్నప్పుడు ‘భారజలం అంటే ఏంది బాపూ’ అని అడిగితే రెండు గ్లాసులల్ల నీళ్లు పోసి, ‘రెండూ నీళ్లే బిడ్డా, కండ్లకు తేడా దొరకదు, ఒకటి పదోవంతు కన్నా జరంత ఎక్కువ బరువు, గంతే’ అని చెప్పిండు.

నేను గీ సినిమా బాపుతోటి కలిసి సూసిన. గా కథ సగం నిజమే అని బాపు చెప్తే నాకు నమ్మబుద్ది కాలే. తర్వాత చదివిన. అసలు సంగతి ఏందంటే, నార్వేల వేమోర్క్ అనే కాడ ఒక కంపెనీ భారజలం తీస్తుండె. 1940 మార్చిల ఫ్రాన్స్ నుంచి జాక్ అలియే అనేటాయన పోయి, ఉన్న నిల్వంత, దగ్గర దగ్గర 185 కిలోలు, 26 డబ్బాలల్ల తెచ్చిండు. విమానాశ్రయంల ఆమ్‌స్టర్‌డామ్ పోయే విమానం ఎక్కుతున్నట్టు సూపెట్టి, పక్కనున్న స్కాట్లండ్ విమానం ఎక్కిండు. జర్మన్లు ఆమ్‌స్టర్‌డామ్ విమానాన్ని ఆపి హాంబుర్గ్‌ల దింపిన్రు. అండ్ల ఏం దొరకలే.

పారిస్‌ల గా డబ్బాలు ఫ్రెడెరిక్ జోలియో-క్యూరీ ప్రయోగశాలకు చేరినయి. ఆయన దగ్గర పనిచేసే హల్‌బాన్, కొవార్‌స్కీ ఇద్దరు పరదేశంల పుట్టినోళ్లని అనుమానపడి, సరుకు వచ్చేదాక వాళ్లను దూరంగ దీవులకు పంపిన్రు. జర్మన్లు దగ్గరికొచ్చినంక డబ్బాలు క్లెర్మోఁ-ఫెరాఁకు, ఆడికెళ్లి రియోం జైలుకు, ఆఖరికి బోర్డోకు. జైల్ల మరణశిక్ష పడ్డ ఖైదీల సెల్ల దాసిన్రట. బ్రూమ్‌పార్క్ అనే బొగ్గు ఓడల ఎక్కించి ఇంగ్లండుకు తోలిన్రు, జూన్ 21న ఫాల్మత్ చేరింది. హల్‌బాన్, కొవార్‌స్కీ పోయిన్రు, జోలియో ఫ్రాన్స్‌లనే ఉండిపోయిండు.

సినిమాల ప్రొఫెసర్ నీళ్ల గురించి సెప్తుంటే ఒక్కరు సరిగ వినరు. ఎవరి తొందర వాళ్లది. అందరం నవ్వుతుంటే బాపు నవ్వలే. ‘మాది గంతే, మా పని ఎవ్వరికీ సమజ్ కాదు’ అన్నడు. నాకు గా మాట యాదికుంది.

లియోన్‌లో_తెలుగు | ఆదివారం, రాత్రి 8:40

అన్నా, జైలు సంగతి ఎంత బాగుంది! సినిమాలో హీరో జైలు నుంచి బయటపడి భారజలం వెంట పడతాడు. నిజంలో భారజలమే జైల్లో పడుకుని వచ్చింది.

ఇంతకీ ఆ నీళ్లు దేనికో ఎవరైనా తేలిగ్గా చెబుతారా? మా ఆవిడ అడుగుతోంది.

మణుగూరు_బిడ్డ | ఆదివారం, రాత్రి 9:02

వదినకు సెప్పుర్రి: యురేనియం అణువు పగిలినప్పుడు న్యూట్రాన్లు మస్తు స్పీడుగ ఎగిరిపోతయి. గా స్పీడ్‌ల పోతే పక్క అణువును పగలగొట్టే అవకాశం తక్కువ. గట్ల ఒకటెనక ఒకటి పగులుకుంట పోతేనే అణుశక్తి పుడుతది. వాటిని మింగకుంట నెమ్మది చేసేది ఒకటి కావాలె. మామూలు నీళ్లు నెమ్మది చేస్తయి గని కొన్నిటిని మింగుతయి. భారజలం మింగుడు బాగ తక్కువ. అందుకే గా 185 కిలోల కోసం గంత ఉరుకులాట.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:10

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి. ముగింపు ఎవరూ బయటపెట్టకండి. చూడనివాళ్లు చదువుతున్నారు.

యానాం_గట్టు (యానాం) | సోమవారం, ఉదయం 7:25

యానాం వాణ్ని, నేను మాట్లాడకపోతే ఎలా? బోర్డోలో ఆ వారం జరిగినది గోదావరి ఒడ్డున మాక్కూడా తగిలింది. 1940లో యానాం ఫ్రెంచివాళ్లదే, 1954 దాకా. పారిస్ పడిపోయిందంటే మా ఊరి రాజధాని పడిపోయినట్టు. చుట్టూ బ్రిటిష్ ఇండియా. పుదుచ్చేరిలో ఉన్న గవర్నరు లూయీ బొన్వాఁ ముందు పెతాఁ వైపా, ద గోల్ వైపా తేల్చుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరులో ద గోల్ వైపు చేరాడు. దాంతో మా ఊరు కూడా స్వేచ్ఛా ఫ్రాన్సు లెక్కలోకి వచ్చింది.

మా తాతయ్య అప్పుడు బడికెళ్లే కుర్రాడు. బళ్లో ఫ్రాన్సు పటం గోడకి వేలాడేదట. మాష్టారు దాని మీద పారిస్ దగ్గర వేలు పెట్టి, కాసేపు మాట్లాడకుండా నిలబడి, తర్వాత పాఠం మార్చేశారని చెప్పేవాడు. తాతయ్యకి ఫ్రెంచి మాటలు కొన్నే వచ్చు. ‘బోఁ వ్వయాజ్’ వాటిలో ఒకటి. రేవులో పడవెక్కేవాళ్లతో అనేవాడు. సినిమా పేరు చూడగానే నాకు ఆయన గొంతు వినిపించింది.

పదోవరస | సోమవారం, ఉదయం 8:03

మన తెలుగు ఊరు ఒకటి ఈ కథలో ఉందని నాకు ఇవాళే తెలిసింది. చాలా సంతోషంగా ఉంది.

రీలుపెట్టె | సోమవారం, ఉదయం 11:30

అందరివీ చదివాను. అలలఊరు గారి మాటే రాత్రంతా తిరిగింది. దానికి నాకు తోచిన జవాబు రాస్తాను, ఒప్పుకోవాలని కాదు.

రాప్పెనో పుట్టింది 1932లో, ఒసేర్ అనే ఊళ్లో. 1940 జూన్ నాటికి ఎనిమిదేళ్లవాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి దేశం ఓడిపోవడం అంటే ఏం కనిపిస్తుంది? పెద్దవాళ్లు ఒక్కసారిగా పెద్దవాళ్లలా ప్రవర్తించడం మానేస్తారు. ఎన్నడూ పరిగెత్తని మనుషులు పరిగెడతారు, ఎన్నడూ అబద్ధమాడని మనుషులు అబద్ధాలాడతారు. సినిమా మొత్తం నాకు ఆ పిల్లవాడి కంటితో చూసినట్టుంటుంది. అందుకే అంత వేగం. ఎవరూ ఎవరి మాటా పూర్తిగా వినరు, ఒక తలుపు మూసుకునేలోపు ఇంకొకటి తెరుచుకుంటుంది. తియరీ ఆర్బోగాస్ట్ కెమెరా జనం మధ్యనుంచి చొచ్చుకుపోతుంటుంది, గాబ్రియెల్ యారెద్ సంగీతం వెనక నుంచి తోస్తుంటుంది.

రచనలో రాప్పెనోతో కూర్చున్నది పాట్రిక్ మోదియానో. 2014లో నోబెల్ అందుకున్న రచయిత. 1945లో పుట్టాడు, యుద్ధం చూడలేదు. కానీ తను పుట్టకముందు ఫ్రాన్సు జర్మన్ల చేతిలో ఉన్న ఆ నాలుగేళ్ల చుట్టూనే జీవితమంతా రాశాడు. ఎవరు ఎటువైపున్నారో తెలియని మసక వెలుతురు ఆయనది. రాప్పెనో వేగంలో ఆయన మసక కలిసింది. మంత్రి బొఫోర్‌ని చూడండి. చెడ్డవాడు కాడు, మర్యాదస్తుడు, ప్రేమ కూడా ఉంది. నిలబడాల్సిన క్షణంలో నిలబడలేడు, అంతే. నన్ను నిద్రపోనివ్వనిది ఆ పాత్రే. రోడ్డు మీది జనం కష్టానికి కారణం రాక్షసులే కానక్కర్లేదని, ఇలాంటి మర్యాదస్తులు పదిమంది చాలని కడుపుబ్బ నవ్విస్తూ చెప్పాడు. కన్నీటి సినిమాగా తీసుంటే అతన్ని దుర్మార్గుడిగా చూసి నేను తేలిగ్గా తప్పించుకునేవాణ్ని.

రోడ్డు సీను చాలా కురచ అన్నది మాత్రం ఒప్పుకుంటున్నాను. అక్కడ ఇంకాసేపు ఆగుంటే బాగుండేది.

చాక్‌పీసు | సోమవారం, మధ్యాహ్నం 12:15

చక్కగా చెప్పావు నాయనా. ఇంకొక్క మాట. ఈయన తొలి సినిమా ‘లా వీ ద షాతో’ కూడా యుద్ధ కాలపు హాస్యమే. 1944లో నార్మండీలో సైన్యాలు దిగబోయే ముందు కథ. కాత్రిన్ దెన్యూవ్ నాయిక, ఫిలిప్ న్వారే భర్త. దానికి ఫ్రెంచి సినిమాలకిచ్చే లూయీ దెల్యుక్ బహుమతి వచ్చింది. ముప్పై ఏళ్ల వయసులో విముక్తి ఘట్టాన్ని తీసినవాడు, డెబ్భై ఏళ్లకి వెనక్కి వెళ్లి పతన ఘట్టాన్ని తీశాడు.

పదోవరస | సోమవారం, మధ్యాహ్నం 12:40

అవార్డులు ఏమైనా వచ్చాయా దీనికి?

లియోన్‌లో_తెలుగు | సోమవారం, మధ్యాహ్నం 12:58

ఫ్రెంచి సినిమా అవార్డులైన సెజార్‌లో పదకొండు నామినేషన్లు, మూడు బహుమతులు: ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, ఫ్రెడెరిక్‌గా వేసిన గ్రెగరీ దెరాంజెర్‌కి వర్ధమాన నటుడు. ఫ్రాన్సు తరఫున ఆస్కార్‌కి పంపింది కూడా దీన్నే. దెరాంజెర్ గురించి ఎవరూ రాయలేదు, నాకు బాధేసింది. చుట్టూ అంతమంది పేరున్న నటుల మధ్య, ప్రతివాళ్లూ వాడుకుంటున్న ఆ కుర్రాడు ఎక్కడా వెర్రివాడిలా కనిపించడు. కామీగా విర్జినీ లెద్వాయెన్ అతన్ని మొదటిసారి పరీక్షగా చూసే చూపు ఒకటుంది, దానికోసమైనా చూడాలి.

అలలఊరు | సోమవారం, రాత్రి 9:45

పొద్దున్న అమ్మకి ఫోన్ చేశాను. ఈ చర్చ గురించి చెప్పి, అమ్మమ్మ నడకలో జరిగినవేమైనా గుర్తున్నాయా అని అడిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

అమ్మ చెప్పింది. రంగూన్‌లో వాళ్ల పక్కింటాయన కుట్టుమిషన్ వదల్లేక, కాళ్లూ చక్రమూ తీసేసి తలకాయ ఒక్కటీ దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని మోసినట్టు మోశాడట. కొండల్లో రాత్రి ఎవరో ముసలావిడ చీకట్లో చూసి, బిడ్డ ఇంతసేపైనా ఏడవడం లేదేమిటి నాయనా అని కంగారుపడి దుప్పటి తీసిందట. అమ్మమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేదట. తమ్ముడి సంగతి మాత్రం ఒక్కసారే చెప్పిందట, అదీ అమ్మ పెళ్లయ్యాక.

ఆ నవ్వు నేను చిన్నప్పుడు విన్నాను. వంటింట్లో అమ్మా, అమ్మమ్మా నవ్వుకునేవాళ్లు, దేనికో అడిగితే ‘నీకెందుకులే’ అనేవాళ్లు. అది ఆ దారి గురించిన నవ్వని నాకు తెలియదు.

సినిమా మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. రోడ్డు మీది జనానికి ఇంకా చోటివ్వాల్సింది. కానీ నవ్వడమే తప్పన్నట్టు నిన్న రాశాను, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఆదివారం అమ్మ దగ్గరికి వెళుతున్నాను. సినిమా తీసుకెళ్లి తనతో చూస్తాను. తెలుగు సబ్‌టైటిల్స్ ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

మణుగూరు_బిడ్డ | సోమవారం, రాత్రి 10:05

తెలుగువి లెవ్వక్కా, నేను మస్తు దేవులాడిన. బాపుకు నేను పక్కన కూసొని సెప్పుకుంట సూపించిన. నువ్వు గట్లనే సెయ్యి. మధ్యమధ్యల ఆపుకుంట సూడు, వాళ్ల స్పీడుకు మనం అందుకోలేం.

యానాం_గట్టు | సోమవారం, రాత్రి 10:20

ఆ కుట్టుమిషన్ ఊరు చేరిందా అండీ?

అలలఊరు | సోమవారం, రాత్రి 10:26

చేరింది. దాని మీదే మా అమ్మకి మొదటి పరికిణీ కుట్టారట.